ఆగస్టులో అమ్మానాన్నలతో నాక్సోస్, సాంటొరిని: ఓడ ప్రయాణం గురించి ఒక సందేహం

ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఉద్యోగం మీద ఏథెన్స్ వచ్చి మూడు నెలలైంది. ఆగస్టులో అమ్మానాన్నలు గుంటూరు నుంచి వస్తున్నారు. విమానం వద్దు, నాక్సోస్, సాంటొరిని దీవులకు ఓడలోనే తీసుకెళ్లమని ఆఫీసులో అందరూ అంటున్నారు. అమ్మకు మోకాళ్ల నొప్పులు. నాన్నకు ఘాట్ రోడ్డు మీద బస్సెక్కితేనే వాంతులు. 15న మధ్యాహ్నం సాంటొరినిలో ఓడెక్కితే రాత్రి పదకొండున్నరకల్లా ఏథెన్స్ పక్కనున్న పిరేయస్ రేవులో దిగుతాం. వాళ్ల విమానం 16 ఉదయం. టికెట్లు తీసుకోమంటారా?

జవాబు (పిరేయస్‌లో ఉంటున్న ఒక అక్క):
15వ తేదీకి తీసుకోవద్దు తమ్ముడూ. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

జూలై, ఆగస్టుల్లో ఏజియన్ సముద్రం మీద ఉత్తరం నుంచి మెల్తెమి అనే గాలి వీస్తుంది. మన తుపానులా ముందు ముసురు పట్టి హెచ్చరించదు. ఆకాశంలో మబ్బు తునక ఉండదు, ఎండ ఫెళ్లున కాస్తూనే ఉంటుంది, ఓడలు మాత్రం కదలవు. గాలి బలం 8 బోఫోర్ట్‌కు (గాలి తీవ్రతను కొలిచే కొలమానం) చేరితే సాధారణంగా పెద్ద ఓడలను కూడా రేవులోనే ఆపేస్తారు. వేగపు పడవలు అంతకు ముందే ఆగిపోతాయి. ఈ నిషేధాన్ని ఇక్కడ ‘అపగోరెఫ్టికో’ అంటారు. గ్రీకులో మీరు ముందుగా నేర్చుకోవలసిన మాట అదే.

మా అత్తమామలతో నాక్సోస్‌లో రెండు రోజులు అలా చిక్కుకుపోయాం. మూడో రోజు పొద్దున ఓడ వదిలారు. వాళ్ల విమానం ముందు రోజే వెళ్లిపోయింది. ఓడ రద్దయితే డబ్బు తిరిగి ఇవ్వాలి, లేదా మరో ఓడలో పంపాలి. ఐరోపా చట్టం అలాగే ఉంది. కానీ కారణం వాతావరణమైతే హోటల్ గది ఇవ్వాలన్న నియమం వర్తించదు. తప్పిపోయిన విమానం సంగతి సరేసరి.

పైగా ఆగస్టు 15 ఇక్కడ మరియమాత పండుగ. తీనోస్ దీవిలో భక్తులు చర్చి దాకా మోకాళ్ల మీద పాకుతూ వెళతారు. మొదటిసారి చూసినప్పుడు నాకు తిరుమల మోకాళ్ల మెట్టు గుర్తొచ్చింది. ఆ వారం ఓడలు సంక్రాంతి ముందు హైదరాబాద్ బస్సుల్లా ఉంటాయి. 13కో, మరీ తప్పదనుకుంటే 14కో ఏథెన్స్ వచ్చేయండి.

జవాబు (మరొకరు):
అక్క మాట నిజమే. అయితే పిరేయస్ నుంచి సాంటొరినికి మామూలు ఓడలో దాదాపు ఎనిమిది గంటలు. పెద్దవాళ్లను అంతసేపు కూర్చోబెట్టడం ఎందుకు? కాటమరాన్ అనే జంట అడుగుల వేగపు పడవలో అయిదు గంటల్లో చేరిపోవచ్చు.

మళ్లీ అక్క:
కాటమరాన్ అన్న పేరు కట్టుమరం నుంచే పుట్టింది కాబట్టి మనదే అనుకోవచ్చు గానీ, ఘాట్ రోడ్డు పడని మనిషిని అందులో ఎక్కించకండి. టికెట్ ధర ఎక్కువ. చాలావాటిలో దారి పొడవునా లోపలే కూర్చోవాలి. అల మీద అల వస్తుంటే చిన్న పడవ ఎగిరెగిరి పడుతుంది. పెద్ద ఓడలో నడుమ భాగంలో, కింది అంతస్తులో కూర్చుంటే కుదుపు తక్కువ. బయటికి వచ్చి గాలి పీల్చుకోవచ్చు. వాంతుల మాత్ర ఓడ కదలక ముందే వేసుకోవాలి.

ఓడ వెనుక భాగంలో దింపిన పలక మీదుగా, లారీల పక్కనుంచి నడిచి ఎక్కాలి. పెట్టెలు అక్కడే దీవుల పేర్లు రాసిన అరల్లో పెట్టాలి. పాస్‌పోర్టులు, మందులు మాత్రం చేతి సంచిలోనే. పెద్ద ఓడల్లో చాలావాటిలో పైకి ఎస్కలేటర్ ఉంటుంది. దిగేటప్పుడే తోపులాట. మధ్య దీవుల్లో ఓడ కొద్ది నిమిషాలే ఆగుతుంది కాబట్టి, ప్రకటన వినగానే అమ్మగారిని నెమ్మదిగా కిందికి తీసుకురండి. రేవు పేరు చూసే దిగండి. గ్రీకులో ‘ర’ అక్షరం ఇంగ్లిష్ ‘పి’లా ఉంటుంది, కంగారులో పొరపాటు పడతారు.

ప్రశ్న అడిగిన తమ్ముడు:
ధన్యవాదాలు అక్కా. 13కే వచ్చేస్తాం. నాన్న పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంది, పేరంతా ఒకే చోట ఉంది. టికెట్‌లో ఏమి రాయాలి? పిరేయస్‌లో ఎక్కడికి వెళ్లాలి?

అక్క:
మా మామగారిదీ అదే గొడవ. రెండు గడుల్లోనూ అదే పేరు రాశాం. ఎక్కేటప్పుడు పాస్‌పోర్టుతో పోల్చి చూసి పంపించారు. ముద్దుపేర్లు, సొంతంగా కుదించిన పేర్లు మాత్రం రాయకండి.

పిరేయస్ ఒక రేవు కాదు, ఒక ఊరనుకోండి. గేట్లు ఈ1 నుంచి ఈ12 దాకా ఉన్నాయి. కొన్ని మెట్రో స్టేషన్ ఎదురుగానే ఉంటే, ఈ1 నడిచి వెళ్లలేనంత దూరం. ముందు రోజే గేటు చూసుకోండి. 2022 నుంచి విమానాశ్రయం మెట్రో నేరుగా పిరేయస్ దాకా వస్తోంది.

మరొకరు:
ఒక్క మాట. కోస్ నుంచి బోద్రుమ్‌కు, రోడ్స్ నుంచి మర్మారిస్‌కు పడవలు కనిపిస్తే ఎప్పుడూ సరదాగా ఎక్కేయకండి. అది టర్కీ. అమ్మానాన్నలది ఒక్కసారి ప్రవేశించే షెంగెన్ వీసా (గ్రీసు సహా చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చేది) అయితే తిరిగి గ్రీసులోకి రానివ్వరు.

అక్క:
తిండి ఇంటి నుంచి తీసుకెళ్లవచ్చు, ఎవరూ అడగరు. ఓడలో దొరికే శాకాహారం చాలావరకు పాలకూర, చీజ్ పెట్టిన స్పానకోపిటాతో సరి. పులిహోర కట్టండి. నాన్నగారిని మాత్రం ఓడ దారిలో పారోస్ దీవి రేవులో నిలిచిన కాసేపట్లో తినేయమనండి.