నవంబరులో టోక్యో, క్యోటో: ముందు ఏది, ఎన్ని రోజులు?

ఆకురాలు

అందరికీ నమస్తే. నవంబరు 17న దిగి 26న తిరుగు ప్రయాణం అయ్యేలా జపాన్ అనుకుంటున్నాం, మొత్తం 9 రాత్రులు. మేం ముగ్గురం: నేను, మా ఆయన, మా అమ్మ. అమ్మకి 66, మోకాళ్ళు అంతంతమాత్రం, పూర్తి శాకాహారి. ఆకులు ఎర్రబడే రోజుల్లో ఒక్కసారైనా క్యోటో గుళ్ళు చూడాలని ఆవిడ ఎన్నాళ్ళ నుంచో అంటోంది, ట్రిప్పు పెట్టుకున్నదే అందుకు. రెండే ఊళ్ళు, మూడోది పెట్టుకోకూడదని ముందే ఒట్టేసుకున్నాం.

ఇప్పటికి గీసుకున్నది ఇదీ. టోక్యోలో దిగి 4 రాత్రులు, 21న క్యోటో వెళ్ళి 3 రాత్రులు, మళ్ళీ టోక్యో వచ్చి 2 రాత్రులు, అక్కణ్ణుంచి ఇంటికి. మా ఆయనేమో పెట్టే బేడా మోసుకుని క్యోటో వెళ్ళడం దేనికి, టోక్యోలోనే హోటల్ ఉంచుకుని పొద్దున్నే వెళ్ళి రాత్రికి వచ్చేద్దాం అంటారు. రోజూ అన్నం దగ్గర ఇదే పంచాయితీ. విమానం టికెట్లు ఇంకా కొనలేదు కాబట్టి మొహమాటపడకుండా చెప్పండి.

లెక్కలపిచ్చి

ఒక్క రోజులో క్యోటో అనే మాట మీ ఆయన నోట మళ్ళీ రాకుండా చేసే బాధ్యత నాది. అన్నిటికంటే వేగంగా వెళ్ళే నొజోమి బండిలో కూడా టోక్యో నుంచి క్యోటోకి దాదాపు 2 గంటల 15 నిమిషాలు. రిజర్వ్ సీటుకి మనిషికి ఒక వైపు సుమారు 14 వేల యెన్లు, అంటే రానూపోనూ ముగ్గురికి 84 వేలు. హోటల్ నుంచి టోక్యో స్టేషన్‌కి, అక్కడ క్యోటో స్టేషన్ నుంచి గుడికి పట్టే టైమ్ కూడా కలపండి. ఎంత పెందలాడే లేచినా పదిన్నరకి ముందు ఏ గుడి గుమ్మమూ ఎక్కరు. నవంబరు చివర్లో అక్కడ ఐదింటిలోపే సూర్యుడు దిగిపోతాడు. అంత డబ్బు పోసి ఆరు గంటల వెలుతురు కొనుక్కుంటున్నారన్నమాట, అందులో రెండు గంటలు క్యూలో.

ఇంకోటి, ఎవరో ఒకరు వచ్చి రైల్ పాస్ కొనెయ్యమంటారు, వినకండి. అది పాత కాలం మాట. 7 రోజుల పాస్ 2023 అక్టోబరులో 29,650 యెన్ల నుంచి ఒక్కసారిగా 50 వేలకి వెళ్ళింది. మీకున్నది రెండే ఊళ్ళు, రానూపోనూ తిరిగినా మనిషికి సుమారు 28 వేలే. పైగా ఆ పాస్ ఉన్నా నొజోమి ఎక్కాలంటే అదనంగా కట్టాలి.

గుంపంటే_గుబులు

నేను అందరికీ నచ్చని మాట చెప్తాను. నవంబరు మూడో వారంలో క్యోటో వెళ్ళడమే తప్పు. రెండేళ్ళ కింద మేం వెళ్ళాం. క్యోటో స్టేషన్ ముందు బస్టాప్‌లో మూడు సూట్‌కేసులతో నిలబడితే మూడు బస్సులు నిండిపోయి వెళ్ళిపోయాయి, నాలుగోది వస్తే మా సామాను చూసి క్యూలో వెనకున్న ముసలావిడ నిట్టూర్చింది చూడండి, ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పాపం అవి ఆ ఊరివాళ్ళు ఆఫీసులకీ ఆస్పత్రులకీ వెళ్ళే బస్సులు. టూరిస్టులు అందరూ బస్సుల మీదే పడుతున్నారని బస్సు ఒక్కరోజు పాస్‌ని 2023లో అమ్మడమే మానేశారు. గియోన్ అనే పాతపేటలో ప్రైవేటు సందుల్లోకి వెళ్తే 10 వేల యెన్లు జరిమానా అని బోర్డులు పెట్టారు. ఊరు ఊరంతా మనల్ని రావొద్దు బాబోయ్ అంటుంటే పెద్దావిణ్ణి తీసుకుని పోవడం ఎందుకు?

టోక్యోతో పాటు కనజావా పెట్టుకోండి. రెండే ఊళ్ళ నియమం అలాగే ఉంటుంది. షింకన్‌సెన్ అనే బుల్లెట్ రైల్లో రెండున్నర గంటలు. కెన్‌రోకుఎన్ తోటలో ఏటా నవంబరు 1న మొదలుపెట్టి, మంచు బరువుకి కొమ్మలు విరక్కుండా పైన్ చెట్లకి తాళ్ళు కడతారు. స్తంభం కొస నుంచి గొడుగు ఊచల్లా తాళ్ళు దిగుతుంటాయి, కింద ఎర్రటి ఆకులు. పక్కన నిలబడి చూడొచ్చు, ఎవరి మోచెయ్యీ తగలదు.

నాన్నతో_నడక

గుంపంటే_గుబులు గారు చెప్పిన రద్దీ నిజమే కానీ, వాళ్ళ అమ్మగారు అడిగింది ఆ గుళ్ళు కదండీ. కనజావా ఎంత బాగున్నా అది జ్వరానికి కాలు నొప్పి మందు ఇచ్చినట్టు అవుతుంది.

మా నాన్నకి అప్పుడు 71. క్యోటోలో తోఫుకుజి గుడిలో లోయ మీద త్సూతెన్‌క్యో అని చెక్క వంతెన ఉంటుంది, కిందంతా మేపుల్ చెట్లే. మేం వెళ్ళింది సరిగ్గా 23న, మధ్యాహ్నం పన్నెండింటికి. 23 అక్కడ జాతీయ సెలవని మాకు తెలియదు. వంతెన మీద ఆగొద్దు, ఫోటోలు తీయొద్దు అని మైకులో చెప్తూనే ఉన్నారు. నాన్న ఓ చేత్తో వంతెన కమ్మీ పట్టుకుని అడుగులో అడుగు వేస్తుంటే వెనకాల జనం. అవతలికి చేరాక ఎలా ఉంది నాన్నా అంటే, ముందు నడిచినాయన టోపీ మీద ఒక ఎర్రాకు పడి ఉంది, నేను చూసింది అదొక్కటే అన్నారు.

మర్నాడు సెలవు అయిపోయింది. ఆరింటికి తెరుస్తారు కదా అని తెల్లారకముందే లేచి కియోమిజుదేరా గుడికి వెళ్ళాం. మంది పలచగా ఉన్నారు. అదే మనిషి గంట సేపు కదలకుండా నిలబడ్డారు. కాబట్టి నన్నడిగితే గొడవ ఊరితో కాదు, తేదీతో, గంటతో. ఆకురాలు గారూ, మీరు రాసుకున్న ప్లాన్‌లో 21న క్యోటోలో దిగుతున్నారు. ఈసారి 23 సోమవారం, అంటే శనివారం నుంచి మూడు రోజులు వరస సెలవులు. ఆ దేశంలో సగం మంది ఆ మూడు రోజులూ అక్కడే ఉంటారు. ఉన్న తేదీల్లో ఏరికోరి చెడ్డవే పట్టారు!

కిటికీసీటు

అదే చెప్పబోతున్నా. ప్లాన్‌ని తిరగెయ్యండి. విమానం టికెట్ వెళ్ళేది ఒసాకా పక్కనున్న కన్సాయ్‌కి, వచ్చేది టోక్యో నుంచి తీసుకోండి. కన్సాయ్ ఎయిర్‌పోర్టు నుంచి హరుకా అనే రైలు గంటా పావు, గంటా ఇరవైలో నేరుగా క్యోటో స్టేషన్‌లో దింపుతుంది. 17 నుంచి 21 దాకా క్యోటో, 21 పొద్దున్నే టోక్యో. సెలవులకని జనం టోక్యో నుంచి క్యోటో వస్తుంటే మీరు ఎదురు వెళ్తుంటారు. వెనక్కి వచ్చే ప్రయాణం ఉండదు కాబట్టి ముగ్గురికి 42 వేల యెన్లు, సగం రోజు మిగులుతాయి. టోక్యోలో జింగు గైఎన్ దగ్గర ఉన్న గింకో చెట్ల బాట ఆ చివరి వారంలోనే పచ్చగా అంటే పసుపు పచ్చగా వెలిగేది. అక్కడ నేల చదును, అమ్మగారికి హాయి.

లెక్కలపిచ్చి

కిటికీసీటు భయ్యా, చెప్పడం తేలికే. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊళ్ళో ఎక్కే టికెట్ కొన్నిసార్లు ఎక్కువవుతుంది, ముందు రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. సరే, తేడా 42 వేల కంటే తక్కువైతే నీదే గెలుపు. కానీ అసలు సంగతి వదిలేశావు. ఈ మధ్య ఏళ్ళలో చలి ఆలస్యంగా వస్తోంది, క్యోటో ఊరి మధ్యలో ఆకులు బాగా పండేది నవంబరు ఆఖరి వారంలో, ఒక్కోసారి డిసెంబరు మొదట్లో. 17కి వెళ్తే సగం చెట్లు ఇంకా ఆకుపచ్చగానే ఉండొచ్చు. రద్దీ తప్పించబోయి రంగు పోగొట్టుకుంటే? అమ్మగారు ఎరుపు చూడ్డానికి వస్తున్నారు, ఖాళీ బెంచీలు చూడ్డానికి కాదు.

నా ఓటు టోక్యో ముందు, క్యోటో వెనక. 24న క్యోటో వెళ్ళి మూడో రోజు కన్సాయ్ నుంచి ఎగరండి.

కిటికీసీటు

24 నుంచి 26 అంటే రెండు రాత్రులు! అమ్మ అడిగిన ఊరికి రెండు రాత్రులు, అడగని ఊరికి ఏడా?

ఆకుల మాటకొస్తే ఊరి మధ్య కంటే కొండ పక్కన చలి ముందు తగులుతుంది, కాబట్టి అక్కడ ముందు పండుతాయి. 17, 18 తేదీల్లో ఒహారాలో సంజెన్‌ఇన్ గుడి, లేదా కురామా వైపు ఎయ్‌జాన్ రైలు. ఆ రైలు ఇచిహారా, నినోసె స్టేషన్ల మధ్య మేపుల్ కొమ్మల సొరంగంలాంటి దాంట్లోంచి వెళ్తుంది. కాలు కదపక్కర్లేదు, కిటికీ పక్కన కూర్చుంటే చాలు. మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళ కోసమే వేసినట్టుంటుంది ఆ లైను. 19, 20కి ఊళ్ళోకి దిగండి.

నాన్నతో_నడక

రంగు సంగతి ఎవరూ రాసివ్వలేరు. ఇద్దరూ చెప్పేది నిజమే. కాకపోతే ఒకే గుడిలో ఒక చెట్టు పచ్చగా, దాని పక్కది నిప్పులా ఉండటం కూడా బాగుంటుంది, ఫోటోల్లో చూపించేవి అన్నీ ఒక్క రోజువే. నేనైతే కిటికీసీటు గారి వైపు.

మోకాళ్ళ గురించి కొంచెం. క్యోటోలో బస్సు వీలైనంత మానెయ్యండి, రైళ్ళు పట్టుకోండి. తోఫుకుజికి క్యోటో స్టేషన్ నుంచి నారా లైన్‌లో ఒక్కటే స్టాప్, దాని తర్వాతదే ఇనారి, ఎర్ర తోరణాల గుడి. ఇనారి 24 గంటలూ తెరిచే ఉంటుంది, టికెట్ లేదు. కొండ పైదాకా వెళ్ళకండి, మొదటి తోరణాల వరస చూసి వెనక్కి తిరిగితే చాలు. అది తెల్లవారగానే చూసుకుని తోఫుకుజి తెరిచే వేళకి వెనక్కి ఒక్క స్టాప్ రండి. ఎయ్‌కాన్‌దో, నన్జెన్‌జి గుళ్ళు రెండూ సబ్‌వేలో కేఆగె స్టేషన్‌లో దిగి నడిచే దూరం. ఎయ్‌కాన్‌దోలో రాత్రి దీపాలు పెడతారు, చెరువులో చెట్లన్నీ తలకిందులుగా కనిపిస్తాయి. సబ్‌వే, బస్సు కలిపి ఒక్కరోజు పాస్ 1,100 యెన్లు.

లేసులున్న బూట్లు వద్దు. గుడి హాళ్ళలోకి వెళ్ళిన ప్రతిసారీ జోళ్ళు విప్పాలి, మా నాన్న వంగలేక, నేను ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని రోజుకి ఎనిమిదిసార్లు ముళ్ళు విప్పాను. సూట్‌కేసులు హోటల్ కౌంటర్లో ఇచ్చేస్తే మామూలుగా మర్నాటికి టోక్యో హోటల్‌కి చేరుస్తారు, తక్క్యూబిన్ అంటారు. ఒక రాత్రికి సరిపడా చిన్న సంచి చాలు.

ఇక తిండి. కూర మాత్రమే కనపడుతోంది కదా అని ఇవ్వకండి, చాలా వాటిలో దాషి అని చేప కలిసిన చారు ఉంటుంది. గుళ్ళ దగ్గర షోజిన్ ర్యోరి అని భిక్షువుల శాకాహార భోజనం ఉంటుంది, అది అడగండి.

గుంపంటే_గుబులు

సరే, మీరంతా ఒకటైపోయారు. ఒక్కటి ఒప్పుకుంటాను, 21కి ముందు వెళ్తే నా బస్టాప్ కథ సగమే జరుగుతుంది. కానీ క్యోటోలో గది అద్దె చూశారా? నవంబరులో చుక్కలు చూపిస్తున్నారు, పైగా 2026 మార్చి నుంచి గది ధరని బట్టి బస పన్ను కూడా పెంచారు.

లెక్కలపిచ్చి

పన్ను గురించి బెంగ అక్కర్లేదు. అన్నిటికంటే పెద్దది, 10 వేల యెన్ల పన్ను, పడేది మనిషికి రాత్రికి లక్ష యెన్లు పెట్టే వాళ్ళకి. మనిషికి రాత్రికి 6 వేల నుంచి 20 వేల లోపు పెడితే పన్ను మనిషికి రాత్రికి 400. అదీ ఎక్కువనిపిస్తే క్యోటో నుంచి రెండు స్టాప్‌లు, పది నిమిషాల దూరంలో ఓత్సు ఉంది, బివా సరస్సు ఒడ్డున. రాత్రి అక్కడ పడుకుని పొద్దున్నే రావొచ్చు. మూడో ఊరు అని ఒట్టు గుర్తుచెయ్యకండి, దాన్ని క్యోటో వీధి అనుకోండి.

ఆకురాలు

అందరికీ పేరుపేరునా థాంక్స్. నిన్న రాత్రి ముగ్గురం కూర్చుని ఇదంతా చదివాం. టోపీ మీద ఎర్రాకు దగ్గర అమ్మ ఆగిపోయి మళ్ళీ చదవమంది.

ఖాయం చేసింది ఇదీ: కన్సాయ్‌లో దిగి క్యోటోలో 4 రాత్రులు, 21 పొద్దున్నే టోక్యో, అక్కడ 5 రాత్రులు. టికెట్ తేడా చూశాం, రైలు మిగులు కంటే తక్కువే, లెక్కలపిచ్చి గారు ఓడిపోయినట్టే. రంగు తక్కువైతే తక్కువ, కురామా రైలు ఉంది కదా అంది అమ్మ. కనజావా వచ్చేసారి.

ఒక్క డౌట్ మిగిలింది. ఫూజీ కొండ కనపడాలంటే ఏ వైపు సీటు?

కిటికీసీటు

నన్నే అడగాలి ఆ ప్రశ్న! ఎటు నుంచి ఎటు వెళ్ళినా ఈ (E) సీటు. మామూలు పెట్టెలో ఒక పక్క మూడు సీట్లు, ఇంకో పక్క రెండు. ఆ రెండు సీట్ల వైపు కిటికీ పక్కది. మీరు టోక్యో వెళ్తున్నారు కాబట్టి ఎడమ చేతి వైపు వస్తుంది. టోక్యో ఇంకో ముప్పావుగంట ఉందనగా ఫోన్ పక్కన పెట్టి చూస్తూ ఉండండి. మబ్బు పడితే నన్ను తిట్టకండి. పెద్ద సూట్‌కేసు పొడవూ వెడల్పూ ఎత్తూ కలిపి 160 సెంటీమీటర్లు దాటితే మాత్రం దానికి చోటున్న సీటే ముందుగా బుక్ చేసుకోవాలి.

ఆకురాలు

ఇది చదివి వినిపిస్తుంటే ఇంట్లో కొత్త గొడవ. నేను "ఈ సీటు" అంటాను, మా ఆయన "ఏ సీటు?" అంటారు. "ఏ కాదండీ, ఈ" అంటే "అదే అడుగుతున్నా, ఏది?" అంటారు. ఐదు నిమిషాలు నడిచింది. చివరికి కాగితం మీద గీసి చూపించాను. ఈ సీటు అమ్మకి, పక్కది నాకు, నడవా అవతలిది ఆయనకి.