చెరువు గట్టులో ఓవర్‌ఫ్లో పైపు చుట్టూ నీరు కారుతోంది, గట్టు మొత్తం తవ్వాలా?

మట్టి గట్టున్న చిన్న చేపల చెరువు. గట్టు ఎత్తు 8 అడుగులు, పైన వెడల్పు 6 అడుగులు. అడుగున 6 అంగుళాల పీవీసీ పైపు, లోపలి వైపు ఎల్బోకి నిలువు పైపు. నీటిమట్టం నిలువు పైపు అంచు కన్నా 4 అంగుళాలు దిగినా బయట కారడం ఆగట్లేదు.

ముందు ఎల్బో జాయింటును అనుమానించి, నీళ్లు దించి, రబ్బరు కప్లింగ్ వేసి స్టీలు క్లాంపులు బిగించాను. ఇప్పుడు పైపు లోపల పొడిగానే ఉంది, ధార మాత్రం పైపుకీ మట్టికీ మధ్య సందులోంచి వస్తోంది. లోపలి వైపు పైపు పక్కన రంగునీళ్లు పోస్తే పావుగంటలో బయట పైపు కింద తేలింది. లోపలి వైపు ఆ చోట బెంటొనైట్ (తడిస్తే ఉబ్బే మట్టిపొడి) కలిపిన బంకమట్టి అడుగు మందాన కూరితే, చెరువు నిండగానే మళ్లీ మొదలైంది. బయటి చివర మాత్రం మూయలేదు. మూస్తే నీరు గట్టులోనే నిలిచి మట్టిని మెత్తబరుస్తుంది.

కంగారు పెడుతున్నది ఒకటే: నీటితో పాటు సన్నటి మట్టి కొట్టుకొస్తోంది, పైపు కింద వేలు దూరేంత బొరియ పడింది. అందుకే మోటారుతో తోడి మట్టం సగానికి దించి ఉంచాను. పైపు చుట్టూ ఊట అడ్డుకునేలా బిగించే పలక, అంటే కాలర్, ఏదీ లేదు.

గట్టు లోపలి సగమే తవ్వి, కాలర్ బిగించి, తడి బంకమట్టిని 6 అంగుళాల పొరలుగా దిమ్మిసతో కొడితే నిలుస్తుందా, లేక బయటిదాకా తవ్వి పైపు కొత్తగా వేయాల్సిందేనా?