సమాచారం వేరావల్‌కు చేరుతోంది, ఇంటికి చేరడం లేదు

ప్రశ్న: ప్రధానోపాధ్యాయురాలు, శ్రీకాకుళం జిల్లా తీరప్రాంతం

అందరికీ నమస్కారం. నేను ఎచ్చెర్ల, గార మండలాల వైపు సముద్రపు ఒడ్డున ఉన్న ఒక ప్రాథమిక పాఠశాలలో పనిచేస్తున్నాను. పిల్లలు 46 మంది, ఉపాధ్యాయులం ఇద్దరం. మా ఊరి మగవారిలో చాలామంది గుజరాత్‌లోని వేరావల్‌లో మరబోట్ల మీద పనికి వెళ్తారు. ఆగస్టులో అక్కడ చేపల వేట మొదలయ్యే వేళకు బయలుదేరి, పడమటి తీరంలో వేట నిషేధం అమలయ్యే జూన్ నాటికి తిరిగి వస్తారు.

బడిలో చేర్చేటప్పుడు రాయించిన ఫోన్ నంబర్లలో సగానికి పైగా తండ్రులవే. స్మార్ట్‌ఫోన్ వారితోపాటే వెళ్లిపోతుంది. ఇంట్లో తల్లి దగ్గరో, నాయనమ్మ దగ్గరో మిగిలేది బటన్ ఫోనే. అందువల్ల నేను వాట్సాప్ గ్రూపులో పెట్టే ప్రతి సమాచారం ముందు వేరావల్‌కు చేరుతోంది. బోటు సముద్రంలో ఉంటే అక్కడికీ వెంటనే చేరదు.

మొన్న నవంబరులో రెండో తరగతి పాప పదకొండు రోజులు బడికి రాలేదు. గ్రూపులో మూడుసార్లు రాసినా జవాబు రాకపోయేసరికి, ఇంట్లో వారికి పట్టింపు లేదని మనసులో అనుకున్నాను. చివరికి వెళ్లి చూస్తే తల్లి ఆపరేషన్ చేయించుకుని ఆసుపత్రిలో ఉంది, చంటివాడిని వదిలి పాపను బడికి తయారు చేయడం నాయనమ్మ వల్ల కావడం లేదు. ఆమె నన్ను చూడగానే అడిగిన మాట ఇంకా నా చెవిలో ఉంది: "ఇంత దూరం వచ్చేరు, మా గుంట (పిల్ల) ఏటి తప్పు చేసిందమ్మా?"

ప్రభుత్వం రాష్ట్రమంతటా ఒకేరోజు పెట్టించిన మెగా తల్లిదండ్రుల సమావేశాలు మూడు మా బడిలో బాగానే జరిపాం. అయితే 2025 జూలై 10న తండ్రులు ఊళ్లో ఉన్నందున ఆవరణ నిండిపోయింది. 2024 డిసెంబరు 7న, 2025 డిసెంబరు 5న మాత్రం నాయనమ్మలు, అమ్మమ్మలే ఎక్కువ. ఏడాదికి ఒకటి రెండు రోజులు జరిగే సభతో, చదవలేని చేతికి వెళ్లే చీటీతో పని జరగదని నాకు అర్థమైంది. సమాచారం ఇంటికి చేరడానికీ, చేరాక వారు మాతో కలిసి పిల్లవాడి కోసం ఏదైనా చేయడానికీ మీరు ఏ మార్గాలు అనుసరించారో దయచేసి తెలియజేయగలరు.

జవాబు 1: విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, గజపతినగరం ప్రాంతం

అమ్మా, మీ ప్రశ్నలో సగం జవాబు ఆ నాయనమ్మే చెప్పింది. బడి నుంచి మనిషి వచ్చాడంటే పిల్లవాడు తప్పు చేసి ఉండాలి, లేదా సంతకం కావాలి అన్న అభిప్రాయం మన ఊళ్లలో ఊరికే ఏర్పడలేదు, మనమే ఏర్పరిచాం. ఆ పని చేసిన వారిలో నేనూ ఉన్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఎక్కాలు రాని ఒక కుర్రవాడి తండ్రిని పొలం నుంచి పిలిపించి, తరగతి అంతా వింటుండగా వాడి సంగతి చెప్పాను. ఆయన అక్కడే వాణ్ణి కొట్టాడు. ఆ కుర్రవాడు మూడు వారాలు బడి ముఖం చూడలేదు. అప్పుడు నేను ఇచ్చింది నిజమైన సమాచారమే, కాని ఆ తండ్రి చేతికి దానితోపాటు చేయదగిన పని ఒక్కటీ ఇవ్వలేదు.

2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 24వ సెక్షన్ ఉపాధ్యాయుడి విధులను చెబుతూ, తల్లిదండ్రులతో క్రమంగా సమావేశమై పిల్లవాడి హాజరు, నేర్చుకునే శక్తి, సాధించిన ప్రగతి, ఇతర ముఖ్య విషయాలు వారికి తెలియజేయాలని స్పష్టంగా పేర్కొన్నది. అందరినీ ఒకేచోట కూర్చోబెట్టి ప్రసంగించడం కన్నా ఇద్దరితో గడప దగ్గర మాట్లాడటమే ఆ మాటకు దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం.

పదవీ విరమణకు ముందు ఆరేడేళ్లు నేను పాటించిన పద్ధతి చెబుతాను. చివరి గంట కొట్టాక రోజుకు ఒక వీధి గుండా నడిచి ఇంటికి వెళ్లేవాడిని, రెండు ఇళ్ల దగ్గర ఆగేవాడిని. జూన్, జూలై నెలల్లో ఏ ఇంట్లోనూ ఫిర్యాదు చేయకూడదని నాకు నేనే నియమం పెట్టుకున్నాను. "మీ వాడు నిన్న ఆటల్లో చిన్న పిల్లను పడకుండా పట్టుకున్నాడు" అన్నంత చిన్న మాటైనా సరే, మొదటి మాట మంచిదై ఉండాలి. తర్వాత ఒక ప్రశ్న అడిగేవాడిని: వీడు ఇంట్లో దేన్ని చక్కగా చేస్తాడు? మేకల లెక్క ఒక్కటి తప్పకుండా చెప్పగలిగే పిల్లవాడు నా దగ్గర కూడికల్లో తడబడుతున్నాడని ఒక తల్లి నోటనే నాకు తెలిసింది. మరుసటి రోజు నుంచి వాడికి లెక్కలన్నీ మేకలతోనే చెప్పాను. సెప్టెంబరు నాటికి మేకలు లేకుండానే చేశాడు.

జవాబు 2: ఒక తల్లి, పాఠశాల యాజమాన్య కమిటీ సభ్యురాలు, విజయనగరం జిల్లా

టీచర్ గారికి నమస్కారం. 2024 ఆగస్టులో జరిగిన ఎన్నికల్లో మా అబ్బాయి తరగతి నుంచి నన్ను కమిటీకి ఎన్నుకున్నారు. తరగతికి ముగ్గురు చొప్పున మా ప్రాథమిక పాఠశాలలో పదిహేనుమంది తల్లిదండ్రులం ఉన్నాం. సభ్యుల్లో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులు, సగం మంది స్త్రీలు ఉండాలని చట్టమే చెప్పింది కాబట్టి మా సంఖ్యకు లోటు లేదు. లోటు ఎక్కడున్నదో చెబుతాను.

మా సమావేశాలు ఉదయం పదకొండు గంటలకు పెడతారు. ఆ వేళకు మాలో సగం మంది ఉపాధి హామీ పనిలో ఉంటాం. పని వదిలి వస్తే ఆ పూట కూలి పోతుంది. రాని వారి ఇంటికి తీర్మానాల పుస్తకం పంపి సంతకం చేయిస్తారు. అందులో ఏం రాశారో మొదటి ఏడాది నాకు ఎవరూ చదివి వినిపించలేదు, నేనూ అడగడానికి మొహమాటపడ్డాను. పాఠశాల అభివృద్ధి ప్రణాళిక తయారు చేయవలసింది ఈ కమిటీయేనని ఎవరో చెబితే చాలా ఆలస్యంగా తెలిసింది.

చెప్పకపోతే ఏమవుతుందో ఒక ఉదాహరణ. పిల్లల చదువు కోసం ప్రభుత్వం తల్లుల ఖాతాలో వేసే తల్లికి వందనం పథకం కింద 15,000 రూపాయలు అని విన్నాం, ఖాతాలో 13,000 పడ్డాయి. మిగిలిన 2,000 బడుల నిర్వహణ కోసం ప్రభుత్వమే కేటాయించుకున్నదన్న సంగతి మా వీధిలో సగం మందికి తెలియదు. బడి వారే ఉంచేసుకున్నారని కుళాయి దగ్గర మాట పుట్టి, రెండు నెలలు నడిచింది. ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి గేటుకు అంటించి, ఒకసారి గట్టిగా చదివి వినిపించి ఉంటే ఆ నింద వచ్చేదే కాదు. మా ప్రధానోపాధ్యాయులు మంచివారు. తమ మీద వచ్చిన మాట వారికి చివరగా తెలిసింది.

మీ ఊళ్లో డ్వాక్రా సంఘాలు ఉండే ఉంటాయి. పొదుపు కట్టడానికి సాయంత్రం అందరం ఒకచోట చేరతాం, ఎవరూ కూలి పోగొట్టుకోనక్కరలేదు. ఆ సమావేశంలో పదిహేను నిమిషాలు అడిగి చూడండి. మమ్మల్ని బడికి పిలవడం మర్యాదే కాని, మేము ముందే కూర్చున్న చోటికి మీరు రావడం ఇంకా సులువు.

జవాబు 3: ఉపాధ్యాయుడు, ఇచ్ఛాపురం ప్రాంతం

మాస్టారు చెప్పిన గృహ సందర్శనం గొప్పదే, కాని ఇప్పటి పరిస్థితిలో రోజూ సాధ్యమని నేను అనుకోను. హాజరు, భోజనం వివరాలు అన్నీ యాప్‌లలో ఎక్కించి, దూరం నుంచి బస్సులో వచ్చి వెళ్లే ఇద్దరు ఉపాధ్యాయులు చీకటి పడేదాకా వీధుల్లో ఉండలేరు. నేను వారానికి రెండు ఇళ్లు మాత్రమే పెట్టుకున్నాను, మిగిలిన వారికి ఒక నిమిషం ఫోన్ చేస్తాను. బటన్ ఫోనుకైనా మాట చేరుతుంది కదా. అందుకే తండ్రి నంబరుతోపాటు, రోజూ పిల్లవాడికి అన్నం పెట్టే మనిషి నంబరును వేరే పుస్తకంలో రాసి, మూడు నెలలకొకసారి సరిచూస్తాను. రీఛార్జ్ అయిపోయి నంబర్లు మారిపోతూనే ఉంటాయి.

గ్రూపులో రాతకు బదులు వాయిస్ మెసేజ్ పెట్టండి. తండ్రి బోటు మీద ఉన్నా అది విని ఇంటికి ఫోన్ చేసి చెప్పగలడు. ఒక సందేశంలో ఒక్క విషయమే ఉండాలి: ఏ రోజు, ఏం తేవాలి, ఎవరిని అడగాలి. ఒక పిల్లవాడి మార్కులు, గైర్హాజరు, జబ్బు గ్రూపులో ఎప్పుడూ ప్రస్తావించకండి. పాప రాలేదని మీరు మూడుసార్లు రాశారన్నారు. అన్యథా భావించవద్దు, పేరుతో రాసి ఉంటే ఆ తండ్రి జవాబు ఇవ్వకపోవడానికి సిగ్గు కూడా ఒక కారణం కావచ్చు.

మా వైపు చాలా ఇళ్లలో ఒడియా మాట్లాడతారు. మొదట్లో నేను పిల్లవాడినే మధ్యలో నిలబెట్టి తెలుగు నుంచి ఒడియాకు చెప్పించేవాడిని. వాడు తన గురించి నేను చెప్పిన మంచి మాటలు రెట్టింపు చేసి, మిగిలినవి మింగేస్తున్నాడని ఆలస్యంగా గ్రహించాను. (తప్పు వాడిది కాదు, ఆ వయసులో నేనూ అదే చేసేవాడిని.) ఇప్పుడు మధ్యాహ్న భోజనం వండే ఆమె సాయం తీసుకుంటున్నాను. ఆమె ఊరిలోని మనిషి, రెండు భాషలూ వచ్చు. ఏ పిల్లవాడు అన్నం వదిలేస్తున్నాడో నాకన్నా ముందు ఆమెకే తెలుస్తుంది.

ప్రశ్న అడిగిన వారి స్పందన

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఇచ్ఛాపురం మాస్టారి అనుమానం నిజమే. పాప పేరు రాశాను. తండ్రికి ఫోన్ చేసి క్షమించమన్నాను. ఆయన చాలాసేపు మౌనంగా ఉండి, తోటివారంతా ఆ సందేశం చూశారని మాత్రం అన్నారు. ఇకపై అటువంటివి గ్రూపులో పెట్టను.

వీధుల వారీగా నంబర్ల పుస్తకం మొదలుపెట్టాం. 46 మందిలో 19 మందికి ఇంట్లో ఉండే ఫోన్ నంబరు మా దగ్గర లేనే లేదని తేలింది. గజపతినగరం మాస్టారి పద్ధతిని వారానికి మూడు ఇళ్లకు కుదించుకున్నాను. తండ్రులు ఊళ్లో ఉండే జూన్, జూలైలలో మాత్రం రోజూ వెళ్లాలని మా సహోపాధ్యాయుడితో మాట్లాడుకున్నాం. బడి తెరిచేదీ అప్పుడే కాబట్టి, వారు మళ్లీ బోటెక్కేలోగా ఒక్కసారైనా ప్రతి తండ్రితో పిల్లవాడి సంగతి మాట్లాడవచ్చు.

సంఘం అధ్యక్షురాలు శనివారం సాయంత్రం పొదుపు సమావేశానికి రమ్మన్నారు. ఈసారి నేను రెండో తరగతి చదివే పుస్తకం తీసుకువెళ్తున్నాను, ఆ నాయనమ్మ కూడా వస్తానంది. విజయనగరం సోదరికి ఒక ప్రశ్న: పదిహేను నిమిషాలు మీరు ఇస్తే, వినడానికి ఎంత, చెప్పడానికి ఎంత ఉంచమంటారు?

జవాబు 2 రాసిన తల్లి

అయిదు నిమిషాలు మీరు చెప్పండి టీచర్ గారూ, తక్కినవి మాకు వదిలేయండి. మొదటి రోజు ఎవరూ మాట్లాడకపోతే కంగారుపడకండి, మరుసటి నెల కూడా వెళ్లండి.