గోవాలో సాంజావ్ పండుగకి కొత్త అల్లుడిగా వెళ్తున్నాను, కాస్త చెప్పండి

అందరికీ నమస్కారం. మాది ఫిరంగిపురం. ఫిబ్రవరిలో గోవా అమ్మాయితో పెళ్లయింది. జూన్ 24న స్నాపక యోహాను పండుగకి (అక్కడ దాన్నే సాంజావ్ అంటారు) అత్తగారు రమ్మన్నారు. మేమూ కథోలికులమే, కానీ మా ఊళ్లో ఆ రోజు పూజతో సరి. అక్కడ మాత్రం తలకి పూలు, ఆకులు అల్లిన కోపెల్ పెట్టుకుని, ఘుమట్ అనే మట్టి వాద్యం వాయిస్తూ ఇల్లిల్లూ తిరిగి, వానకి నిండిన బావుల్లోకి దూకుతారట. మరియమ్మ పలకరింపు వినగానే ఎలిజబెతమ్మ కడుపులో బిడ్డగా ఉన్న యోహాను గంతులేశాడు కదా, ఆ సంతోషానికి గుర్తుగా. ఎంత చక్కటి ఆచారమో!

మొన్న వీడియో కాల్‌లో అత్తగారు పెరట్లో తీగలు చూపించి, "నీ కోపెల్ వీటితోనే" అన్నారు. నాకు మాటరాలేదు.

నా టెన్షన్ ఒకటే, నాకు ఈత రాదు. కొత్త అల్లుడు దూకకపోతే వాళ్లు నొచ్చుకుంటారా? మెట్ల బావిలో దిగి మునిగితే సరిపోతుందా? లైఫ్ జాకెట్ వేసుకుంటే బాగోదంటారా? అలాగే వాళ్లింటికి ఏం పట్టుకెళ్లాలి? పనసపండు, ఫెనీ (గోవా సారా) అక్కడ ఎలాగూ ఉంటాయి. మన పూతరేకులు తీసుకెళ్దామనుకుంటున్నా, కానీ వానకి మెత్తబడిపోతాయేమో. అక్కడ ఉన్న తెలుగువాళ్లు, గోవా అల్లుళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.