కెనాల్, ఛానెల్, మన కాలవ... మూడూ ఒకటేనా అండి?

కాలవగట్టు:
అందరికీ నమస్కారం అండి. మాది కోనసీమ, ఇల్లు కాలవ గట్టు మీదే. నిన్న మా పాప సోషల్ పుస్తకం ముందేసుకుని మ్యాపులో సూయజ్ కెనాల్, ఇంగ్లీష్ ఛానెల్ గుర్తుపెడతా, నాన్నా కెనాల్ అంటే కాలవ సరే, ఛానెల్ అంటే టీవీలో వచ్చేది కదా మరి సముద్రానికి ఆ పేరేంటి అనడిగింది. నాకు తెలీలేదు. ఈలోగా మా బావగారు అందుకుని కెనాల్, కాలవ రెండిట్లో క, ల ఉన్నాయి చూడు, మన మాటే తెల్లోళ్ళు పట్టుకెళ్ళారు అన్నారు, నేనేమో కాదు కాటన్ దొర కాలవలు తవ్వించాక వాళ్ళ మాటే మనకి కాలవ అయ్యుంటుంది అన్నాను, రాత్రి పదింటిదాకా ఇదే వాదన. తెలిసినవాళ్ళెవరైనా చెప్పండి, పాపకి తప్పు చెప్పకూడదు.

పాతమాటలు_భీమవరం:
ఇద్దరిదీ కాదండి. కాలువ అచ్చంగా మన ద్రావిడ మాట, తమిళంలో కాల్వాయ్, కన్నడంలో కాలువె. ధవళేశ్వరం ఆనకట్ట కట్టింది 1847 నించి 1852 దాకా, ఈ మాట అంతకన్నా చాలా పాతది. కెనాల్‌తో పోలిక కేవలం కాకతాళీయం.

కెనాల్, ఛానెల్ మాత్రం అక్కచెల్లెళ్ళే. లాటిన్‌లో కన్నా అంటే రెల్లు గడ, లోపల బోలుగా ఉండేది. దాన్నించి కనాలిస్, అంటే గొట్టం, తూము, నీళ్ళు పారే దారి. ఈ కనాలిస్ ఫ్రాన్సులో జనం నోళ్ళల్లో నాని నాని చనెల్ అయింది, ఎందుకంటే అక్కడ "క" తర్వాత "అ" వస్తే ఆ క కాస్తా చ అయిపోయింది. ఇది వింతేం కాదండి, మన దగ్గరా జరిగింది, కన్నడంలో కెరె అంటారు మనం చెరువు అంటాం, వాళ్ళు కివి అంటారు మనం చెవి అంటాం, కాకపోతే మనకి ఇ, ఎ ల ముందు మారింది వాళ్ళకి అ ముందు కూడా మారింది, అంతే తేడా. 1066లో ఫ్రాన్సు నించి వచ్చిన నార్మన్లు ఇంగ్లండు గెలిచాక కొన్ని తరాలపాటు అక్కడ దొరల భాష ఫ్రెంచే, అలా చనెల్ ఇంగ్లీషులోకొచ్చి ఛానెల్ అయింది. తర్వాతెప్పుడో చదువుకున్నవాళ్ళు లాటిన్ రూపాన్నే దగ్గరగా ఉంచి కెనాల్ అని మళ్ళీ తెచ్చుకున్నారు. మనం బళ్ళో ప్రకృతి వికృతి చదువుకున్నాం కదా, యాత్ర ప్రకృతి, జాతర వికృతి, రెండూ ఉన్నాయి గానీ అర్థాలు వేరైపోయాయి, సరిగ్గా అలాగే. తవ్విన కాలవకి కెనాల్ మిగిలింది, నీళ్ళు వెళ్ళే ఏ దారికైనా ఛానెల్, అందులోంచి ఇరుకు సముద్రానికి, ఆఖరికి సిగ్నల్ వెళ్ళే దారికి, టీవీకి.

యానాం_వీధి:
పైన మాస్టారు చెప్పింది చదివి చాలా సంతోషం వేసిందండి. మా తాతగారు యానాం ఫ్రెంచోళ్ళ కింద ఉన్నప్పుడే, అంటే 1954కి ముందు, ఫ్రెంచి బళ్ళో చదివారు, కొన్ని మాటలు ఇంట్లో మాకు నేర్పేవారు. ఫ్రెంచిలో ఆ పాత చ తర్వాత ష అయిపోయింది, ఇప్పుడు పడవలు వెళ్ళే లోతు దారిని షనాల్ అంటారు. ఇంగ్లీషోళ్ళు చ ఉన్నప్పుడు తీసుకున్నారు కాబట్టి ఛానెల్ అలా ఉండిపోయింది. చీఫ్, షెఫ్ కూడా ఒకే మాట తెల్సా అండి, ముందు తీసుకున్నది చీఫ్, ఆలస్యంగా తీసుకున్నది షెఫ్. ఇంకోటి, ఫ్రెంచోళ్ళు టీవీ ఛానెల్‌ని ఈ మాటతో అనరు, షెన్ అంటారు, అంటే గొలుసు. పాప అడిగిన ఇంగ్లీష్ ఛానెల్ సముద్రాన్నీ ఛానెల్ అనరు, లా మాంష్ అంటారు, చొక్కా చెయ్యి అని అర్థం, మ్యాపులో చూస్తే నిజంగా అలాగే ఉంటుంది. జర్మన్లు రెండూ కలిపేసి ఎర్మెల్‌కనాల్, చొక్కాచెయ్యి కాలవ అన్నారు. ఫ్రెంచిలో చెరుకుకి వాడే మాట కూడా కన్నా లోంచి వచ్చిందే, కాన్ ఆ స్యూక్ర్, పంచదార గడ. దాల్చినచెక్క చిన్న గొట్టంలా చుట్టుకుని ఉంటుంది కదా, అందుకని కనెల్. తాతగారు పాయసంలో వేసేటప్పుడల్లా చెప్పేవారు.

రాజోలు_టు_కువైట్:
నేను పదకొండేళ్ళుగా ఇక్కడే అండి. ఇక్కడ అరబీలో టీవీ ఛానెల్‌ని కనాత్ అంటారు, సూయజ్ కెనాల్‌ని కూడా కనాత్ అస్సువైస్ అనే అంటారు. ఇంగ్లీషు లోంచి తీసుకున్నారేమో అనుకున్నాను, నిజమేనా?

పాతమాటలు_భీమవరం:
కాదండి, ఇది ఇంకా బావుంటుంది. లాటిన్ కన్నా గ్రీకు లోంచి వచ్చింది, గ్రీకు వాళ్ళు పశ్చిమాసియా భాషల్లోంచి తీసుకున్నారు, అక్కడి అక్కాదీ భాషలో కనూ అన్నా హీబ్రూలో కానె అన్నా రెల్లే. అరబీ కనాత్ ఆ కుటుంబానిదే. అంటే ఒక రెల్లు గడ మాట పడమటకెళ్ళి కాలవ అయింది, సొంతూళ్ళో ఉన్నదీ విడిగా కాలవే అయింది, రెండు చోట్లా టీవీ దాకా వచ్చేసింది. నాకిది ఎన్నిసార్లు తలుచుకున్నా ఒళ్ళు పులకరిస్తుంది.

కాలవగట్టు:
అందరికీ చాలా చాలా థాంక్స్ అండి. పాపకి అంతా చెప్పాను. మరి కుక్కల్ని పెట్టే కెన్నెల్, యుద్ధాల్లో ఫిరంగి కానన్, అమెరికాలో ఆ లోయ కాన్యన్, ఇవీ ఇందులోవేనా అని ఇప్పుడు కొత్త ప్రశ్న.

పాతమాటలు_భీమవరం:
కుక్కల కెన్నెల్ కాదండి, అది లాటిన్ కనిస్, అంటే కుక్క, దాన్నించి. కానీ వీధి పక్క మురుగు కాలవకి ఇంగ్లీషులో పాతకాలంలో కెన్నెల్ అనే ఇంకో మాట ఉండేది, అది మాత్రం కనాలిసే. ఫిరంగి అవును, ఇటలీవాళ్ళ కన్నోనె, పెద్ద గొట్టం. కాన్యన్ స్పెయిన్‌ది, వాళ్ళు రెండు న లు పక్కపక్కన వస్తే ఞ చేసేస్తారు, లాటిన్ అన్నుస్, సంవత్సరం, వాళ్ళకి ఆఞో, కన్నా కాఞా అయింది, దాన్నించి కాఞోన్.

ఇక మీ బావగారికి చెప్పండి, కాలవ విషయంలో ఆయన మాట నిలబడదు గానీ మనవైపు మాట ఒకటి నిజంగానే వాళ్ళకెళ్ళింది. తమిళం అణైక్కట్టు, మన ఆనకట్ట. ఇంగ్లీషు డిక్షనరీల్లో అనికట్ అని ఉంటుంది.