పాత అవుట్‌బోర్డ్ మోటారు వేడి: చెయ్యి పెట్టి చూస్తే చాలా, థర్మామీటర్ కావాలా?

పాతమోటారు:
పడవ వెనక బిగించే 1950ల నాటి రెండు సిలిండర్ల మోటారు బాగుచేసుకున్నాను. ఇంజిన్‌ను చల్లబరిచే నీటి పంపులో తిరిగే రెక్కల చక్రం, అంటే ఇంపెల్లర్, కొత్తది వేశాను. నీళ్ల డ్రమ్ములో పెట్టి పది నిమిషాలు నడిపితే హెడ్ (సిలిండర్ల మూత) మీద చెయ్యి రెండు సెకన్లు కూడా ఆనలేదు. ఇప్పటి మోటార్లలా పక్కనుంచి నీటిధార కొట్టే రంధ్రం దీనికి లేదు, నీళ్లలోకి దిగే లెగ్ వెనకనుంచి పొగతోపాటు తుంపర వస్తోంది. నీటి చుక్క వేసి చూడు, చుయ్‌మనకపోతే భయం లేదన్నారొకరు. థర్మామీటర్ లేకుండా నడపొద్దన్నారు ఇంకొకరు. ఎవరి మాట వినాలి?

సరంగు:
చెయ్యే చాలండీ. ఆ కాలం చిన్న మోటార్లు చాలావాటికి థర్మోస్టాట్, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా నీటిని ఆపే కవాటం, ఉండదు. నది నీళ్లు నేరుగా లోపలికి వెళ్లి బయటికొస్తాయి కాబట్టి, పంపు బాగుంటే హెడ్ గోరువెచ్చగానే ఉంటుంది. చెయ్యి ఆనలేదంటే అదే జవాబు. తాకకుండా దూరం నుంచే వేడి కొలిచే ఆ ఇన్‌ఫ్రారెడ్ గన్‌లను నేను నమ్మను. మెరిసే అల్యూమినియం మీద పెడితే ఉన్న వేడికంటే బాగా తక్కువ చూపిస్తాయి.

కొలిచిచూడు:
గన్ గురించి సరంగు గారు చెప్పింది నిజమే. మెరిసే లోహం తన వేడిని సరిగా బయటికి వదలదు, చుట్టుపక్కల వేడిని అద్దంలా తిప్పికొడుతుంది. అందుకే హెడ్ మీద రూపాయి బిళ్లంత మేర నల్లరంగు పూసి, ఆరాక దాని మీదికి దగ్గరగా గురిపెట్టాలి. దూరం పెరిగితే గన్ చుట్టుపక్కల చోటు కూడా కలిపి కొలుస్తుంది.

చెయ్యి చాలన్నది మాత్రం ఒప్పుకోను. 60 డిగ్రీల లోహం మీదే చెయ్యి నిలవదు. 65 ఉన్నా 95 ఉన్నా ఒకేలా వెనక్కి లాక్కుంటాం. నీటి చుక్క ఎగిరి చుయ్‌మనాలంటే 100 దాటాలి. అంటే మనకు కావలసిన సమాచారమంతా 60కీ 100కీ మధ్యే ఉంది, అక్కడ ఈ రెండు పద్ధతులూ మూగవే. చుక్క మరగలేదని ధైర్యంగా నడిపి పిస్టన్ పట్టేయించుకున్నవాణ్ని నేను. ఆ గీతలు పడ్డ పిస్టన్ ఇంకా నా బల్ల మీదే ఉంది.

థర్మోస్టాట్ ఉన్న పాత జాన్సన్, ఎవిన్‌రూడ్ మోటార్ల సర్వీస్ మాన్యువల్స్ చాలావాటిలో ఒక పద్ధతి ఉంటుంది: వేడికి కరిగే రెండు క్రేయాన్లతో హెడ్ మీద గీత గీయాలి. 125 ఫారన్‌హీట్‌ది, అంటే సుమారు 52 సెల్సియస్‌ది, కరగాలి. 163ది, అంటే సుమారు 73ది, కరగకూడదు. మొదటిది కూడా కరగకపోతే ఇంజిన్ మరీ చల్లగా నడుస్తున్నట్టే, ప్లగ్గులు తడిసి మసిపడతాయి.

సరంగు:
థర్మోస్టాట్ ఉన్నదానికైతే మీరు చెప్పిందే సరి. లేనిదానికి చెయ్యి పనికొస్తుందనే ఇప్పటికీ అంటాను. పాతమోటారు గారూ, ముందు మీదానికి ఉందో లేదో చూడండి. ఇంకోటి, నడుస్తుండగా చెయ్యి పెట్టేటప్పుడు ప్లగ్ వైరూ, ఫ్లైవీలూ దగ్గర్లోనే ఉంటాయి, జాగ్రత్త.

రెండుసిలిండర్లు:
ఏ పద్ధతైనా డ్రమ్ములో కొలిచింది సగం నిజమే. పొగ బుడగలతో నీళ్లు నురగలవుతాయి, కాసేపటికి ఆ నీళ్లే వేడెక్కుతాయి. పడవకు బిగించి, బరువు మీద ఐదు నిమిషాలు నడిపాకే కొలవండి. పై సిలిండర్, కింది సిలిండర్ విడివిడిగా రాసుకోండి. రెండింటికీ తేడా ఎక్కువుంటే పంపు కంటే ముందు హెడ్‌ను అనుమానించాలి. నూనె కలిపే పాళ్లు కూడా చూసుకోండి. ఆ కాలం మోటార్లు చాలావాటికి 24:1 (24 పాళ్లు పెట్రోలుకు ఒక పాలు నూనె) కావాలి, 50:1 తర్వాత వచ్చిన మాట.

పాతమోటారు:
నల్లరంగు పూసి, నీళ్లలో నడిపి కొలిచాను. థర్మోస్టాట్ లేదు. కింద 58, పైన 91. చెయ్యికి రెండూ ఒకేలా కాలాయి! హెడ్ విప్పితే పై సిలిండర్ చుట్టూ నీటి దారిలో తెల్లటి ఉప్పు, బురద గట్టిపడి ఉన్నాయి. సన్నటి తీగతో పొడిస్తే పెంకులుగా ఊడొచ్చాయి. మరి వెనక తుంపర అంత బాగా ఎలా వచ్చింది?

కొలిచిచూడు:
పంపు నీళ్లు తోడుతోందని మాత్రమే తుంపర చెబుతుంది. ఆ నీళ్లు హెడ్ అంతా తిరిగొచ్చాయని చెప్పదు. బిగించేటప్పుడు హెడ్‌కూ ఇంజిన్‌కూ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ కొత్తది వేయండి, పాతది మళ్లీ వాడొద్దు.

సరంగు:
బిగించాక మళ్లీ రెండు చోట్లా కొలిచి ఇక్కడ రాయండి. కింది 58 కూడా నాకు ఎక్కువే అనిపిస్తోంది.