ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్తే ఇరవై నిమిషాల్లో అయిపోయిందంటున్నారు, మీరైతే ఏం చేస్తారు?

తడికాగితం:
నేను పెయింటింగ్ క్లాసులు చెప్తానండి, పదకొండేళ్లయింది. వారానికి నాలుగు బ్యాచ్‌లు, రెండు పిల్లలవి, రెండు పెద్దవాళ్లవి. నెలకోసారి ఏదో ఒక ఎగ్జిబిషన్‌కి అందర్నీ తీసుకెళ్తా. మొన్న అరవై బొమ్మలున్న షోకి వెళ్లాం, నేను ఎనిమిదో బొమ్మ దగ్గరున్నా, వెనక్కి తిరిగి చూస్తే ఒక్కళ్లు లేరు, అందరూ బయట మెట్ల మీద కూర్చుని ఫోన్లో తీసిన ఫోటోలు ఒకళ్లకొకళ్లు చూపించుకుంటున్నారు. తర్వాత క్లాసులో ఆ ఫోటోనే ముందు పెట్టుకుని అచ్చు గుద్దినట్టు దించుతారు, అది కూడా ముందు అవుట్‌లైన్ గీసి లోపల రంగు నింపడమే, నీడ ఎక్కడుంటే అక్కడ నల్లరంగు. ఎన్నిసార్లు చెప్పినా అంతే.

ఇంకోటి, చెప్పడానికి సిగ్గుగా ఉంది కానీ చెప్తా. ఎగ్జిబిషన్ చూసి ఇంటికొస్తే ఇదివరకు ఆ రాత్రే బ్రష్ పట్టేదాన్ని. ఇప్పుడు నాలుగు నెలల్నుంచి ఈజెల్ మీద ఒకటే కాన్వాస్, సగంలో ఉంది. వాళ్ల బొమ్మలు దిద్దీ దిద్దీ నా చెయ్యి అక్కడే ఖర్చయిపోతోందేమో అనిపిస్తోంది. మీకెవరికైనా ఇలా అయిందా?

బొగ్గుముక్క:
మేడం, అరవై చూపించడమే తప్పండి, రెండు చాలు. నేను చేసేది చెప్తా. మొదటి పది నిమిషాలు ఊరికే తిరగనిస్తా, ఎవరికి నచ్చింది వాళ్లు ఒకటి ఎంచుకుని దాని ముందు ఇరవై నిమిషాలు ఉండాలి. చేతిలో చిన్న పుస్తకం, పెన్సిల్ (చాలా గ్యాలరీల్లో పెన్ను, ఇంకు ఒప్పుకోరు, ముందే అడిగి వెళ్లండి). అగ్గిపెట్టంత గడి గీసి అందులో ఆ బొమ్మని మూడే మూడు షేడ్లలో పెట్టాలి, ముదురు, మధ్యరకం, లేత. అవుట్‌లైన్ వద్దు, కళ్లూ ముక్కూ వద్దు, కళ్లు సగం మూసి చూస్తే మూడు ముద్దలు కనపడతాయి, అవి పెడితే చాలు. ఐదో నిమిషంలో అయిపోయిందంటారు, మీరు వినపడనట్టు ఉండండి, పదో నిమిషానికి వాళ్లే మళ్లీ తలెత్తి చూడ్డం మొదలెడతారు. మా బ్యాచ్‌లో ఒక కుర్రాడు అలాగే చూసి చూసి "సార్ ఈ నీడలో నలుపు లేదు, ఊదా ఉంది" అన్నాడు, అది నేను ఏడాదిగా మొత్తుకుంటున్న మాటే!

నల్లరంగు ట్యూబు మాత్రం ఒక నెల దాచేయండి. అల్ట్రామెరైన్ నీలం, బర్న్ట్ సియన్నా (ఎర్రమట్టి లాంటి గోధుమరంగు) కలిపితే కావలసినంత ముదురు రంగు వస్తుంది, నీలం ఎక్కువైతే చల్లగా, సియన్నా ఎక్కువైతే వెచ్చగా. (నేను దాస్తే ఒకడు ఇంటినుంచి తెచ్చుకున్నాడు, అది వేరే కథ.)

ఫోన్ సంగతి కూడా వాళ్లకి కొలతలతో చెప్పండి. వెర్మీర్ వేసిన ముత్యం పోగు అమ్మాయి బొమ్మ 44.5 సెంటీమీటర్ల ఎత్తు, 39 వెడల్పు, ఒళ్లో పెట్టుకోవచ్చు. పికాసో వేసిన గ్వెర్నికా బొమ్మ దాదాపు మూడున్నర మీటర్ల ఎత్తు, ఏడు మీటర్ల పైన పొడవు. ఫోన్లో రెండూ అరచెయ్యంతే.

రెండోపూత:
దించడాన్ని మరీ తిట్టకండి మేడం. ఫ్రెంచ్ చిత్రకారుడు మతీస్ కూడా 1893లో ప్యారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో కూర్చుని, డె హీమ్ అనే పాతకాలం చిత్రకారుడు వేసిన బల్ల మీద వస్తువుల బొమ్మని బుద్ధిగా దించాడు, 1915లో అదే బొమ్మని మళ్లీ తనకి తోచినట్టు ముక్కలు ముక్కలుగా వేశాడు, మొదటిది చెయ్యకపోతే రెండోది వచ్చేది కాదని నా ఉద్దేశం. లూవ్ర్‌లో ఇప్పటికీ కాపీ చేసేవాళ్లకి అనుమతి ఇస్తారు, కాకపోతే అసలు బొమ్మ సైజులో వెయ్యకూడదు, పెద్దదో చిన్నదో అవ్వాలి. అది నకిలీల భయంతో పెట్టిన రూలే గానీ నాకు క్లాసులో భలే పనికొచ్చింది. సైజు మారిస్తే కొలతలన్నీ మళ్లీ ఆలోచించుకోవాలి, గుడ్డిగా దించడం కుదరదు. బొగ్గుముక్క గారు చెప్పింది చేయించండి, తర్వాత దించనివ్వండి కూడా.

తడికాగితం:
ఇద్దరికీ థాంక్స్ అండి. పిల్లలకి ఓకే, పెద్దవాళ్లు ఫోన్ లోపల పెట్టమంటే మొహం మాడ్చుకుంటారు, వాళ్లనేం చెయ్యాలి?

ఆలస్యవిద్యార్థి:
నేను ఆ మొహం మాడ్చుకునే బాపతేనండి, యాభై దాటాక క్లాసులో చేరా. మేం ఫోటోలు ఎందుకు తీస్తామంటే అక్కడ ఏం చూడాలో తెలీక, ఖాళీగా నిలబడితే తెలివితక్కువగా కనపడతామని భయం, అంతే. మా సారు ఫోన్ వద్దనలేదు, ముందు గీయండి తర్వాత ఒక్క ఫోటో తీసుకోండి అన్నారు. ఇంటికెళ్లి నా గీతా ఫోటో పక్కపక్కన పెట్టుకుంటే నేను ఎక్కడ అబద్ధమాడానో తెలిసిపోయేది. ఆయన ఇంకోటి చేసేవారు, బొమ్మ ముందు కాకుండా పక్కకెళ్లి ఏటవాలుగా చూసేవారు, రంగు ఎక్కడ దట్టంగా ఉందో, ఎక్కడ గుడ్డ కనపడుతోందో. ఆయన్ని చూసి మేమూ పక్కకెళ్లి చూడ్డం నేర్చుకున్నాం, లెక్చర్ ఏమీ ఇవ్వలేదు.

మీ కాన్వాస్ గురించి, చనువు తీసుకుంటున్నా ఏమనుకోకండి. దాన్ని క్లాసుకి తెచ్చుకుని మా మధ్యలో వేసుకోండి. మా సారు వేసినంతా గోకేసి మళ్లీ వేస్తుంటే చూడ్డమే నాకు అన్నిటికన్నా ఎక్కువ ధైర్యమిచ్చింది.

బొగ్గుముక్క:
దానికి ప్లస్ వన్. ఇంకోటి, వాళ్ల కాగితం మీద మీరు గీత పెట్టకండి. పక్కన చిత్తు కాగితం మీద చూపించండి, చెరిపేసి వెయ్యడం వాళ్ల పని.

తడికాగితం:
మూడు వారాల తర్వాత అప్‌డేట్. పిల్లల బ్యాచ్ అనుకున్నదానికన్నా బాగా చేసింది, ఒక పాప ఇరవై నిమిషాలయ్యాక కూడా కదల్లేదు, ఆ బొమ్మలో గోడ తెల్లగా ఉందనుకున్నా కానీ ఎక్కడా తెలుపు లేదు మేడం అంది. పెద్దవాళ్లలో ఇద్దరు గొణిగారు, ఒకాయన ఇరవై నిమిషాలు నిలబడలేను మోకాళ్లు అన్నారు, నిజమే, నాకు తట్టనే లేదు, ఈసారి మడత స్టూలు పట్టుకెళ్తాం. చిత్తు కాగితం పద్ధతికి చెయ్యి ఇంకా అలవాటు పడలేదు, రెండుసార్లు మర్చిపోయి వాళ్ల బొమ్మ మీదే గీసేశా.

కాన్వాస్ క్లాసుకి తెచ్చా. అందరి ముందు ఎడమ పక్కంతా గోకేశా. కుడిపక్క కూడా తీసేయాలేమో, రేపు చూడాలి.